శౌరయ్య రివర్సు గేరు

బెజవాడలో ఎండుచేపల లారీ నడిపేవాళ్లలో ఎండుచేప వాసన పడనివాడు శౌరయ్య ఒక్కడే. పొద్దునా సాయంత్రం సబ్బుతో ఒళ్లు తోముకునేవాడు, కాలరులో వేపాకు కుక్కుకునేవాడు. సరుకు వెనక ఉంటుంది, గాలి ముందునుంచి వస్తుంది కాబట్టి ఎలాగో బతికాడు.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క లారీలు బొగ్గు గ్యాసు మీద నడుస్తున్నాయి. వేసవి చివర యజమాని పాండురంగయ్య ఒక మాటన్నాడు.

"శౌరీ, వాన పడేలోగా ఈ సరుకుని కనుమ దాటించి కొండమీది సంతకి చేర్చు. మన బందరు బస్సు నడపడానికి నీకిస్తా."

బందరు బస్సంటే పౌడరు రాసుకున్న ప్లీడర్లు, మల్లెపూల ఆడవాళ్లు. శౌరయ్య సిలువ గుర్తు వేసుకుని బయల్దేరాడు. సరుకు సొంతదారు గంగారత్నం బస్తాల మీద గోనె పరుచుకుని కూర్చుంది.

కాలవగట్టు కంటే ఎత్తు ఎరగని మనిషి ఆ కనుమని చూడగానే మళ్లీ సిలువ గుర్తు వేసుకున్నాడు. దారంతా మట్టి, గులకరాళ్లు, ఒకపక్క లోయ. సగం ఎక్కేసరికి బొగ్గు గ్యాసుకి దమ్ము చాలక లారీ ఆగిపోయింది. గంగారత్నం దూకి చక్రం కింద రాయి పెట్టింది. పైన మబ్బు కమ్ముతోంది.

"ఇక్కడ తడిసిందంటే నా సరుకు పెంటకుప్పే అబ్బాయ్."

మొదటి గేరు కంటే రివర్సు గేరుకి బలమెక్కువని శౌరయ్యకి తెలుసు. తెలిసినందుకే రోత పుట్టింది. బండి తిప్పితే సరుకు ముందుకొస్తుంది, కొండగాలి దాని మీదుగా మొహానికి కొడుతుంది.

"ఇంకో ఉపాయం లేదా పిన్నీ?"

"నన్నడుగుతావేం? డ్రైవరువి నువ్వా, నేనా?"

మెల్లగా కిందికి జారి, మలుపులో చోటు చూసి బండి తిప్పాడు. తల బయటపెట్టి వెనక్కి చూస్తూ ఎక్కించాడు. మెత్తళ్ల కంపు ముక్కులో, రొయ్యపొట్టు నోట్లో, కళ్లలో. చెట్లమీది కొండముచ్చులు తోకలతో ముక్కులు మూసుకున్నాయి. శౌరయ్యకి ఆ తోకైనా లేదు. స్టీరింగు వదలకుండానే వాంతి చేసుకున్నాడు.

"ఇన్నాళ్లూ మా చేపలకి వీపు చూపించావు," అంది మళ్లీ బస్తాలెక్కి కూర్చున్న గంగారత్నం. "ఇవాళ మొహం చూపించు నాయనా."

సంతలో ఆఖరి బస్తా పాకలోకి చేరాక వాన మొదలైంది.

బెజవాడ తిరిగొచ్చి శౌరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బందరు బస్సండీ..."

"బస్సు ఎవడైనా నడుపుతాడోయ్," అన్నాడు పాండురంగయ్య. "వెనక్కి కనుమెక్కేవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను? ఇంకొకడి చేతికి సరుకివ్వనంది గంగారత్నం."

యుద్ధం ముగిసేదాకా వారం వారం అదే కొండ, అదే గేరు. వేపాకు మానేశాడు, సబ్బు ఓడిపోయింది. చర్చిలో అతని చుట్టూ చాప ఖాళీగా ఉండేది. చేసిన తప్పులు చెప్పుకోడానికి పాపసంకీర్తనానికి వెళితే, జాలీ తెర అవతలున్న గురువుగారు అతను నోరు తెరవకముందే పాపాలన్నీ మన్నించి పంపేసేవారు.