పెండ్లికి ముందు ఏమవుతారు?

సుజన పుట్టింది ఆలూరు పక్క పల్లెలో, ఉండేది కర్నూలును ఆనుకున్న కల్లూరులో, పని చేసేది మాత్రం కంప్యూటర్ లోపల. క్యాన్సర్ మీద పరిశోధన అని నోరు జారితే చాలు, మందెప్పుడు వస్తుందని చుట్టాలు మీద పడతారు. అందుకని వాళ్లమ్మ రామేశ్వరమ్మకు అర్థమయ్యేట్టు చెప్పిపెట్టింది. ఒంట్లో జన్యువులు ఇంట్లో బల్బుల్లాంటివి, ఏది ఎప్పుడు వెలగాలో ఏది ఆరాలో చూసుకునే స్విచ్చులు వేరే ఉంటాయి, క్యాన్సర్‌లో ఆ స్విచ్చు ఎక్కడ చెడిందో లెక్కలు కట్టి వెతకడమే తన పని అని. రామేశ్వరమ్మ అంతా శ్రద్ధగా విని, కూతురు కరెంటు పని చేస్తోందని ఊరంతా చెప్పుకుంది.

నోటి క్యాన్సర్ వచ్చినవాళ్ల గడ్డలోంచి చిన్న ముక్క తీస్తారు. పోల్చి చూడటానికి వాళ్ల భార్యదో భర్తదో బుగ్గ లోపల గీకిన పొర తీసుకుంటారు. మొగుడూ పెళ్లాలు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే తిండి తింటారు, రక్తం మాత్రం వేరు, ఇంతకంటే మంచి జోడీ దొరకదని పుస్తకాల్లో ఉంది. ఈ నమూనాలు పోగుచేసేవాడు ల్యాబ్ టెక్నీషియన్ యేసుప్రసాద్. మొగుడి ట్యూబుకు మూత బిగించి నంబరు అంటించేదాకా పెళ్లాం వైపు తిరిగి కూడా చూడని మనిషి.

ఎవరి నమూనా ఎవరితో కలిసిపోయిందో పట్టుకునే ప్రోగ్రామ్ ఒకటుంది. రెండింటి మధ్య పోలిక మరీ ఎక్కువైతే ఎర్రగీత గీస్తుంది. సుజన దాన్ని నడిపితే తెర నిండా ఎర్రగీతలే. చాలా జంటల్లో మొగుడి జన్యువులు పెళ్లాం ట్యూబులో కనిపిస్తున్నాయి. ఆ చిరాకులో, పోగుచేసిన దగ్గరే తప్పు జరిగిందని బెంగళూరులోని గైడ్‌కు మెయిల్ రాసేసింది. నమూనాలన్నీ పక్కన పెట్టమనీ, ఆ మనిషిని నెలాఖరుకు తీసెయ్యమనీ జవాబు వచ్చింది.

యేసుప్రసాద్ గొడవ చేయలేదు. "నా చేత్తో తీసినాను మేడమ్. కలవలేదు," అన్నాడంతే. తన పరిశోధన మట్టిగొట్టుకుపోయిందన్న దిగులు ఒకటైతే, అతని కొలువు పోతుందన్న బాధ ఇంకొకటి. సుజనకు అన్నం సయించలేదు.

ఆదివారం రామేశ్వరమ్మ సంగటి ముద్ద వేసి, పక్కన ఊరుబిండి పచ్చడి పెట్టి, మెల్లగా గోపీనాథ్ ఊసెత్తింది. గోపీనాథ్ ఆమె అన్న కొడుకు, కడపలో బ్యాంకు ఉద్యోగి. సుజన ముద్ద పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టింది. మేనరికమంటే ఇద్దరిలోనూ ఒకే జన్యువులు చాలా ఉంటాయనీ, అది పిల్లలకు మంచిది కాదనీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

రామేశ్వరమ్మకు ఒళ్లు మండింది. "మీ నాయన నాకేమవుతాడు మే? మాయమ్మ సొంత తమ్ముడు గదా. మన దిక్కు చుట్టరికం ల్యాకుండా పెండ్లి చేసుకున్నోళ్లు యాడుండారు?"

సుజన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడే నయం. ఇంత చదివిన సుజన అదైనా అడగలేదు. మేనమామను చేసుకున్న తల్లికి పుట్టి కూడా, ఎర్రగీత చూసి ట్యూబును అనుమానించింది గానీ పెండ్లిని అనుమానించలేదు.

తిన్న కంచం తీయకుండా ఆటో ఎక్కి యేసుప్రసాద్ ఇంటికి పోయింది. మరునాడు ఆసుపత్రి డాక్టరు అనుమతితో, తన ఇంట్లోనే కూర్చుని అతను ఒక్కొక్క జంటకూ ఫోన్ చేశాడు. ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకున్న సుజన తెర అతనికి చూపించలేదు. అడగమన్నది ఒక్కటే, పెండ్లికి ముందు మీరు ఒకరికొకరు ఏమవుతారని. మేనమామ అని జవాబు వచ్చిన చోటల్లా తెర మీద గీత లావుగా ఉంది, అత్త కొడుకు అన్నచోట సన్నంగా ఉంది. గీత లేనివాళ్లు దూరపు సంబంధమన్నారు. ఒక జంట దగ్గర యేసుప్రసాద్ ఫోన్ పెట్టేసి నవ్వాడు. "ఈళ్లు ఏమీ కారంట మేడమ్. ప్రేమించి చేసుకున్నారంట."

ఆ జంటకూ గీత లేదు.

ఒక్క నమూనా కూడా పారేయక్కర్లేదు, చుట్టరికాన్ని లెక్కలో కలుపుకుంటే చాలు. సుజనకు గంతులెయ్యాలన్నంత సంతోషం కలిగింది. టీ తెచ్చిన యేసుప్రసాద్ భార్య, తాను కూడా ఈయనకు మేనత్త కూతుర్నేనని చెప్పి నవ్వింది. సుజన నవ్వబోయి ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, తల ఎత్తకుండానే అంది, "నీ మీద మెయిల్ రాసింది నేనేనన్నా."

"తెలుసు మేడమ్," అన్నాడు యేసుప్రసాద్. "ఇంగొగటి రాయండి."

ఆమె అక్కడే కూర్చుని ఫోన్‌లో రాసింది. పంపేముందు తెలుగులో చదివి వినిపించింది. తప్పు నాదే, యేసుప్రసాద్ పనిలో ఏ లోపమూ లేదు అన్న చోట అతను ఆపమని, భార్యను దగ్గరికి పిలిచి, ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. సుజన ఈసారి కొంచెం గట్టిగా చదివింది.

"ఇప్పుడు పంపండి మేడమ్," అన్నాడు.