గంట తొవ్వ, పుట్టింటి చీర

“పొద్దటి సంది ఈడనే ఉన్నది. రోజూ నీ కండ్ల ముందర నేల తుడిచే మనిషి. రాలేదంటవా?”

“ఉన్నది పెద్దమ్మా, నేను కాదంటలేను. గానీ ప్యాసింజర్ లెక్క రాలేదు. కౌంటర్ బంద్ అయింది.”

మొదటి మాట నాది. రెండోది టికెట్ కౌంటర్‌లో కూర్చునే శీనయ్యది. జహీరాబాద్ దిక్కువాడు, మాతో ఎన్నడూ మర్యాద తప్పి మాట్లాడలేదు. బీదర్‌కు బెంగళూరు విమానం మొదలైన కొత్తలో నన్ను అక్కడి విమానాశ్రయంలో సఫాయి పనికి పెట్టుకున్నారు. నా చదువు మూడో తరగతితో ఆగింది. అయినా పద్ధతిగా చేస్తానని పొద్దటి షిఫ్టు ఆడవాళ్లకు నన్నే పెద్దగా నిలబెట్టారు.

మా పని విమానాన్ని పట్టుకొని నడిచేది. అది బెంగళూరు నుంచి గంట పైచిలుకు ఎగిరి ఇక్కడ దిగుతుంది, కాసేపు నిలబడి మళ్లీ అక్కడికే పోతుంది. చప్పుడు వినబడిందంటే చీపురు అందుకుంటాం.

జనవాడ మల్లమ్మ నా షిఫ్టు మనిషి. ఆ రోజు తెల్లవారుజామున ఆమె చెల్లెలు బెంగళూరులో చనిపోయింది. మాలో పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పాకనే శవాన్ని లేపుతారు. తల్లిదండ్రులు లేరు, అన్నదమ్ములు లేరు. పుట్టిల్లంటే మల్లమ్మ ఒక్కతే. మరిది, ఆ చెల్లెలి మొగుడు, ఫోన్ చేసి, విమానంలో గంట తొవ్వే కదా, పొద్దుమూకేదాకా ఆపుతామన్నాడు. కొడుకు టికెట్ తీసి ఆమె ఫోన్‌లో పెట్టి, బండి మీద తెచ్చి దించిపోయాడు.

మల్లమ్మ రోజూ వచ్చినట్టే స్టాఫ్ గేటు నుంచి వచ్చింది. మెడలో పాసు ఉంది, ఎవరూ ఆపలేదు. చీపుర్లు పెట్టుకునే గదిలో చీర మూట ఒళ్లో పెట్టుకొని, విమానం చప్పుడైతే లేద్దామని కూర్చుంది. మా పని మొదలయ్యేది అప్పుడే. ప్రయాణమూ అప్పుడే మొదలవుతుందనుకుంది. కానీ ప్రయాణికులకు కౌంటర్‌ను విమానం బయలుదేరే గంట ముందే మూస్తారు. అప్పటికి విమానం ఇక్కడ దిగనే దిగదు. చప్పుడు విని ఆమె లేచి వచ్చేసరికి కౌంటర్ బంద్ అయింది.

నేను అవతల బాత్రూములు కడిగిస్తున్నాను. ఆమె వచ్చిన సంగతే తెలియదు. మాటలు విని వచ్చేసరికి శీనయ్య పైవాళ్లకు ఫోన్ చేసి అడుగుతున్నాడు. వాళ్లు కుదరదన్నారు.

మల్లమ్మ ఏడవలేదు. మూట కౌంటర్ మీద పెట్టింది.

“నేను పోకుంటె పాయె. చీరె ఒక్కటన్న పోతదా అయ్యా?”

ఎరగనివాళ్ల మూట ప్రయాణికుల చేతికి ఇవ్వకూడదని శీనయ్య తల వంచుకొని చెప్పాడు. అద్దంలోంచి చూస్తుండగానే విమానం వెళ్లింది. రాత్రి బస్సు ఎక్కితే చేరేది మరునాడే. మరిదికి ఆమె ఫోన్ చేస్తే, గంట తొవ్వకు రాని పుట్టిల్లు ఏం పుట్టిల్లన్నాడు. పొద్దుమూకకముందే దుకాణం చీర కప్పి లేపారు.

రెండు ఊళ్ల మధ్య విమానంలో ఎంతసేపని అడిగితే అందరూ గాలిలో ఉన్నంతసేపే చెబుతారు. కౌంటర్ మూసే టైము నుంచి లెక్క చెప్పాలి. అటు దిగాక ఊళ్లోకి పోయే తొవ్వ కూడా అందులో కలపాలి. పని మానేదాకా నా షిఫ్టులో చేరిన ప్రతి మనిషికీ చీపురు కంటే ముందు ఇది చెప్పాను. వాళ్లలో విమానం ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు.

మరునాడు పొద్దున మల్లమ్మ స్టాఫ్ గేటు నుంచే డ్యూటీకి వచ్చింది. ముందురోజు ఆమె తగిలించిపోయిన చీర మూట ఇంకా చీపుర్ల గదిలో కొక్కేనికి వేలాడుతోంది. విమానం చప్పుడు వినబడగానే చీపురు అందుకొని, కౌంటర్ ముందర ఊడ్చింది.