మోదుగు కొమ్మ కింద

మోదుగులు పూసే రోజుల్లో పోచంపల్లి అంజయ్య ఆదివారం మగ్గం జోలికి పోడు. మోకాళ్లు పట్టేసినా సరే, రంగు వదలని తన వేళ్లకు వాడకట్టు పిల్లల్ని వేలాడదీసుకుని, హోలీ రంగుకు పూలు తేవడానికి ఊరవతలి మెట్ట చెలకల్లోకి బయలుదేరతాడు. ఏటా వెంట వచ్చే స్నేహితుడు వెంకటనర్సు ఈసారి రాలేదు. నిరుడు చేనేత సంఘం ఎన్నికలప్పుడు మాటామాటా పెరిగి ఇద్దరూ పలకరించుకోవడం మానేశారు. తీరా చెట్టు దగ్గరికి పోతే, నర్సు తన మనుమరాలు మానసతో అక్కడే ఉన్నాడు. అంజయ్య వెనుదిరగబోయాడు గానీ పిల్లల్లో ఉన్న తన మనుమరాలు ప్రణీత కదల్లేదు.

"తాతా, గా కొమ్మ మీది పూలే గావాలె!"

అంజయ్య ఎగిరాడు. అందలేదు. మళ్లీ ఎగిరాడు. పొడుగరి నర్సు వచ్చి కొమ్మ వంచి పట్టుకున్నాడు. అంజయ్య మొదటి గుప్పెడు పూలు తెంపి మానస దోసిట్లో పోశాడు. నర్సు కొమ్మను ఇంకాస్త కిందికి లాగాడు.

"గింత మెల్లగైతే పొద్దుగూకుతది. జల్ది తెంపరా!"

ఏడాది తర్వాత విన్న ఆ 'రా'కు అంజయ్య ముఖం విప్పారింది.

"ముందుగాల నువ్వు కొమ్మ సక్కగ పట్టురా," అన్నాడు.