పేరు లేని వీడియోకు మా నాయనమ్మ ఇచ్చిన మాట

మా రేగొండ వైపు ఒక అన్న మాటలు లేని పాటలు కట్టి, తానే వీడియోలు తీస్తాడు. పేరు పెట్టని కొత్త వీడియోలో ఆరు నిమిషాలూ ఒక చాట, ఒక అక్క చేతులు, బియ్యం చప్పుడు, అంతే. నాకది ప్రాణం. "గిండ్ల పాట ఏడుందే?" అని క్లాసులో నవ్వారు. పంతం కొద్దీ కాలేజీ గోడపత్రికకు దాని గురించి వ్యాసం రాశాను.

ఇచ్చే ముందు ఈ రోజు నాయనమ్మకు చదివి వినిపించాను. "బియ్యం చెరిగే లయ" అన్నచోట ఆపింది. వీడియో పెట్టమని, ఫోన్ చెవికి ఆనించుకొని వింది.

"ఓ సదువుకున్న బిడ్డా, గిది చెరుగుడు గాదే. చెరిగితే గింజ ఎగిరి పడ్తది. గీమె చాటను పక్కకు తిప్పుకుంట రాళ్లు ఎతుకుతాంది. దీన్ని నేముడంటరు."

"చెవికే తెలుస్తదా అవ్వా?"

"తెల్వకుంటే నువ్వేం రాసినవ్ మరి?"

సిగ్గుపడి వ్యాసం దిద్దాను. నాయనమ్మ మాటను వీడియో కింద రాశాను. సాయంత్రం అన్న జవాబిచ్చాడు: "ఇన్నాళ్లకు ఒకరు సరిగ్గ ఇన్నరు. పాట పేరు 'నేముడు' అనే పెడుతున్న."

గర్వంతో ఇల్లంతా తిరిగాను. నాయనమ్మ మాత్రం, "ఆరు నిమిషాలు నేమినా ఆమెకు ఒక్క రాయి దొరకలే" అంటోంది. మీ ఇంట్లో వినిపించి చూడండి, ఏమంటారో రాయండి.