బందెలదొడ్డిలో స్టాక్ ఎక్స్ఛేంజ్

ఒక ఊరి చరిత్రను అరగంటలో సర్వనాశనం చేసిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్తుంటాను. ఈ పరాయి దేశంలో, మా గంగాలిన్ పేట తెలుగువాళ్లలో ఈ కథ ఇప్పటికీ తప్పుగానే తిరుగుతోంది. నేరం ఒక పెద్దావిడ మీద ఉండిపోయింది. అది నాదని రాతపూర్వకంగా ఒప్పుకోవడానికే కూర్చున్నాను.

మాకు గంట దూరంలో ఒక చిన్న ఊరుంది. ఇంగ్లండు పల్లెల నుంచి వచ్చినవాళ్లు, వదిలి వచ్చిన జిల్లా మీద బెంగతో, అచ్చం దాన్నే ఇక్కడ రాళ్లతో కట్టుకున్నారు. ఒక చర్చి, ఒక కమ్మరి కొలిమి, ఊరి చివర ఒక రాతి ప్రహరీ. అవన్నీ చూపించే గైడు మార్గరెట్. ఎనభై దాటిన మనిషి. కోటుకు ఇత్తడి బ్యాడ్జి. దాన్ని ఆవిడ ఎంతగా తోమేవారంటే, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

అప్పట్లో నేను ఐటీ కాంట్రాక్టరుని. ఒక కన్ను పని మీద, రెండో కన్ను ఫోనులో షేర్ల మీద. మన పెద్దవాళ్లను బస్సులో ఆ ఊరికి తీసుకెళ్లాను. మార్గరెట్ యాస వాళ్లకు అందలేదు. ఎవరూ పిలవకుండానే నేను దుబాసీనయ్యాను.

ప్రహరీ ముందు ఆగి ఆవిడ, "ఇది ఓల్డ్ పౌండ్. దారితప్పిన స్టాక్‌ని ఇక్కడ పెట్టేవాళ్లు, ఓనర్ వచ్చి విడిపించుకునేదాకా" అన్నారు.

పౌండు! స్టాకు! ఓనరు! నా బుర్రలో వెలిగింది బల్బు కాదు, పేలింది ట్రాన్స్‌ఫార్మరు.

"అంకుల్స్, ఆంటీస్! ఇది ఈ జిల్లాలో మొట్టమొదటి స్టాక్ ఎక్స్ఛేంజ్!"

రిటైర్డ్ హెడ్మాస్టరు సుబ్బారావు అంకుల్ వెంటనే నోటుబుక్కు తీశారు. "మరి పైకప్పు లేదేంటి బాబూ?"

"ట్రాన్స్‌పరెన్సీ, అంకుల్. అంతా ఓపెన్‌గా జరగాలని."

"ఆ నీళ్ల తొట్టి?"

"మార్కెట్ పడినప్పుడు మొహం కడుక్కోవడానికి."

గుంటూరు జిల్లా సీతారావమ్మ ఆంటీ గోడను తట్టి చూశారు. "ఏమయ్యా, ఇది అచ్చం మా ఊరి బందెలదొడ్డిలా ఉందే! చేలో పడ్డ గొడ్లను ఇట్టాంటి దాంట్లోకే తోలేవాళ్లు."

"ఆంటీ, అది గొడ్లకి. ఇది ఫైనాన్స్. మీకు తెలీదులెండి."

అక్కడైనా ఆగానా? లేదు. సుబ్బారావు అంకుల్ "అప్పట్లో బుల్ మార్కెట్ ఉండేదేమో కనుక్కో" అన్నారు. మార్గరెట్ వైపు తిరిగి, "ఇక్కడ బుల్స్ ఉండేవా?" అని అడిగాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "బుల్సా! బోలెడు! ఒకటి ఆ మూల గోడనే పడగొట్టింది!"

"విన్నారా అంకుల్? బుల్ దెబ్బకి గోడలే కూలాయంట!"

అందరూ చప్పట్లు కొట్టారు. అవి తనకే అనుకుని మార్గరెట్ తల వంచి నమస్కరించారు.

అంకుల్ ఊరుకోలేదు. ఇంటికెళ్లి వ్యాసం రాశారు. మనవరాలు దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. "స్టాక్ ఎక్స్ఛేంజ్ గురించి మార్గరెట్ గారు అద్భుతంగా వివరించారు" అని ఆ ఊరి హెరిటేజ్ కమిటీకి పంపారు.

కమిటీ అధ్యక్షురాలు నాకు ఫోన్ చేసింది. "మార్గరెట్ నిజంగా అలా చెప్పారా?"

అప్పటికే నేను డిక్షనరీ చూశాను. పౌండ్ అంటే పశువులను కట్టిపడేసే దొడ్డి. స్టాక్ అంటే గొడ్లు. అయినా నా నోరు, "ఆ... అలాగే అన్నట్టు గుర్తు" అంది.

పెద్దావిడకు మతి తప్పిందనుకుని బ్యాడ్జి తీసేసుకున్నారు.

వారం తిరక్కుండా సీతారావమ్మ ఆంటీ ఫోన్. "ఆ పెద్దావిడ బ్యాడ్జి పీకేశారంటగా?"

"అవునంట ఆంటీ. పాపం."

"పాపమే. ఎవరిదయ్యా?"

ఆ శనివారం కమిటీ ముందు నిలబడ్డాను. "తప్పు నాది. ఆవిడ పశువుల గురించి చెబితే నేను షేర్ల గురించి విన్నాను. ఫోన్లో అబద్ధం కూడా ఆడాను."

అధ్యక్షురాలు కళ్లజోడు దించింది. "బుల్ గోడ పడగొట్టిందన్నా అనుమానం రాలేదా?"

"అప్పుడే నమ్మకం బలపడిందండీ."

కమిటీ మార్గరెట్‌ను పిలిపించి బ్యాడ్జి తిరిగి ఇచ్చింది. ఆవిడ దాన్ని కోటు అంచుతో తోమి పెట్టుకున్నారు. "ఆ రోజు అందరూ అలా చప్పట్లు కొడుతుంటే, ఇన్నేళ్లకు నా గోడ కథ వినేవాళ్లు దొరికారనుకున్నాను" అన్నారు.

ఆ మాటకు నన్ను ఆ దొడ్లోనే కట్టేసి గడ్డి వేసినా కాదనేవాణ్ణి కాదు.

తర్వాత మార్గరెట్ పట్టుబట్టి ప్రహరీ దగ్గరి బోర్డు మీద అడుగున ఒక లైను కొత్తగా రాయించారు: "గమనిక: ఇది ఏనాడూ స్టాక్ ఎక్స్ఛేంజ్ కాదు." ఆ గోడ కట్టిన తాపీమేస్త్రీ పేరు ఎవరికీ తెలీదు. ఆ జిల్లా చరిత్రలో నా వాటా మాత్రం ఇనుప రేకు మీద శాశ్వతంగా ఉంది.

కనుక రాతపూర్వకంగానే ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పాత రాయి కనిపిస్తే చూస్తాను, పాత గోడ కనిపిస్తే ఫొటో తీస్తాను. అర్థం మాత్రం చెప్పను. ముఖ్యంగా ఆంటీలు పక్కనుండగా.