ఫౌస్తీనా మేనమామలు

పాలు మాన్పించక ముందే ఫౌస్తీనా తల్లి పోయింది. తండ్రి బిడ్డను తెచ్చి మా ఊళ్లో తన అమ్మ ఇంట్లో పెంచాడు. మా తలమాంకా కొండల్లో వంశం తల్లి నుంచే వస్తుంది. అందుకని ఆ ఇంట్లో అందరిదీ ఒక వంశం, ఫౌస్తీనా ఒక్కదానిదే వేరు. ఆమెకు ఎవరూ తిండికి తక్కువ చేయలేదు. తగువు వచ్చినప్పుడే ఆ తేడా బయటపడేది.

పెళ్లయి కూతురు పుట్టాక ఏటికి ఎగువన సొంత ఇల్లు వేసుకుంది. మొక్కజొన్న నూరడానికి ఏట్లో నల్లటి పెద్ద బండ ఒకటి ఎంచుకుంది. దాన్ని ఇంటికి లాగాలంటే పెద్ద బలగం కావాలి. ముందు తాడు పట్టేది ఇంటావిడ వంశం వాళ్లు.

అత్త కొడుకు సెవేరో నవ్వాడు. "బండ బాగానే ఏరావు మరదలా. లాగేదెవరు? నీ మేనమామలు చేపలై ఏట్లో ఈదుతున్నారా?"

"ఉన్నారు బావా. నీ కంట పడలేదంతే."

వాళ్లెవరో ఆమెకూ తెలియదు. మర్నాడు చంటిదాన్ని వీపున కట్టుకుని, కొండకు అవతల తల్లి పుట్టిన కోయెన్ ఏటి వైపు బయల్దేరింది. చిన్ననాటి నేస్తాన్ని గనక నేనూ తోడు వెళ్లాను. అక్కడ మొదటి ఇంట్లో ఒదీలియా అనే ముసలామె కోకో గింజలు వేయిస్తోంది.

"ఎవరి పిల్లవే?"

"రొమువాల్దా కూతుర్ని. తూనీగ వంశం."

"రొమువాల్దాను కన్నదెవరు?"

"ప్రిమితీవా."

"ఆవిణ్ని?"

ఫౌస్తీనా తల దించుకుంది. "తెలీదమ్మా. చెప్పేవాళ్లు లేకపోయారు."

ముసలామె పొయ్యి మీది పెనం దించేసింది. "ఆవిణ్ని కన్నది మా అమ్మమ్మే. నేను నీకు పెద్దమ్మనవుతాను. మీ అమ్మ పోయిందని విన్నాం గానీ, పిల్ల బతికిందని ఎవరూ చెప్పలేదు." అని పొరుగిళ్ల వైపు తిరిగి కేకేసింది. "ఒరే, రండర్రా, రొమువాల్దా పిల్ల వచ్చింది."

బండ లాగే రోజుకి మొక్కజొన్న చిచ్చా నేనే పులియబెట్టాను. తెల్లారేసరికి అవతలి గట్టు నిండా జనం. మేనమామలు, అన్నలు, తమ్ముళ్లు తాళ్లు భుజాన వేసుకుని ఏరు దాటుతున్నారు. సెవేరో ఇవతలి గట్టున నిలబడి చూస్తున్నాడు.

సగం దారిలో తాడు పుటుక్కుమంది. అంతా బురదలో ఒకరి మీద ఒకరు పడ్డారు.

"లేవండర్రా, పడుకోడానికొచ్చారా?" అంది ఒదీలియా. నవ్వుకుంటూ కొత్త తాడు బిగించారు. సెవేరో వచ్చి చివర పట్టుకున్నాడు.

"పిలవకుండానే వచ్చావేం బావా?"

"చిచ్చా అంతా మీవాళ్లే తాగేసేట్టున్నారు, అందుకని."

మధ్యాహ్నానికి బండ గుమ్మం చేరింది. ఫౌస్తీనా దాని మీద రెండు చేతులూ ఆనించి వంగి నిలబడింది. ఏడుస్తోందేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది.

వెళ్లేముందు ఒదీలియా ఆమెను పక్కకి పిలిచింది. "మీ అమ్మ కోకో చెట్లు అలాగే ఉన్నాయే. ఇన్నాళ్లూ మేం కలుపు తీశాం. ఇక నీ తోట నువ్వు చూసుకో."

ఆ కోతకి ఫౌస్తీనా బుట్టెడు కాయలతో కొండ దిగింది. వీపు మీది చంటిది ఒక కాయ ముక్క చేత పట్టుకుని, తెల్లటి గుజ్జు చప్పరిస్తూ, తల్లి మెడంతా జిగురు చేస్తోంది.