ఐసు పళ్ళెంలో టైరు పందెం

నా చిన్నప్పుడు సింగపూర్‌లో మాకు తెలిసిన మంచు అంటే తోపుడు బండి మీద అమ్మే ఐసు తురుమే. పళ్ళెం అడుగున ఉడికించిన తీపి గింజలు, వాటి మీద తెల్లటి గుట్ట, ఆపైన గులాబీ రంగు పాకం. లెక్కల్లో మొదటి మార్కు వస్తే ఒక పళ్ళెం అని అమ్మ ఒప్పుకుంది. మార్కు వచ్చింది. మా పెదనాన్న వెంట తీసుకెళ్ళాడు.

ఆయన యుద్ధంలో సైన్యం లారీ నడుపుతూ మంచు కొండల దాకా వెళ్ళి వచ్చిన మనిషి. ఆ రోడ్ల మీద సన్నటి టైర్లే అడిగి వేయించుకునేవాణ్ణని చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. వెడల్పు ఎక్కువైతే పట్టు కూడా ఎక్కువే కదా అన్నాను.

"అయితే పందెం, లెక్కల పంతులమ్మా. ఓడితే పళ్ళెం నాది."

నాకు వెడల్పాటి చెక్క గరిటె ఇచ్చి, తను చెంచాను తిరగేసి పట్టుకున్నాడు. ఇద్దరం ఒకే బలంతో నొక్కాం. నా గరిటె తురుమును అణిచి, దాని మీదే జారింది. ఆయన చెంచా కాడ మాత్రం తురుమును చీల్చుకుని పళ్ళేన్ని టక్కుమని తాకింది. బరువు ఒక్కచోట పడితే టైరు కిందనున్న గట్టి నేలను అందుకుంటుందని, అప్పుడు బండి జారదని చెప్పాడు.

ఇంకో పందెం అడిగాను.

"ఈసారి నీకేది కావాలి?"

"కాడ," అన్నాను వెంటనే.

ఆయన నవ్వి, బండివాడు తురుము నింపి ఉంచిన లోతైన బేసిన్‌ను ముందుకు జరిపాడు. కాడ దిగిపోయింది, దాని వెంట నా వేళ్ళూ దిగాయి. అడుగు అందలేదు. ఆయన నొక్కిన గరిటె పైనే నిలిచింది. అంత లోతు మెత్తటి మంచులో సన్నటి టైరు ఇలాగే కూరుకుపోతుందట.

"మోసం, పెదనాన్నా. బేసిన్ సంగతి ముందే చెప్పలేదు."

"నువ్వు అడగలేదుగా."

అప్పటికి నా పళ్ళెంలో ఐసు సగం నీరైపోయింది. ఏడుపు ఆపుకుంటున్నాను. ఆయన పళ్ళెం నా వైపు తోశాడు. గింజలన్నీ నేనే తిన్నాను.

ఇప్పుడు ఎక్కడ చూసినా కంప్యూటర్ ఉద్యోగాలే. ఇక్కడే సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్ పేటలో ఉండే నా మనవరాలిని కంపెనీ ఈ చలికాలానికి జపాన్ ఉత్తరాన ఒక ఊరికి పంపుతోంది. నెలల పాప కూడా తల్లితోనే. అక్కడ తీసుకోబోయే కారుకు రెండు కొలతల టైర్లున్నాయి, నూట తొంభై ఐదు మిల్లీమీటర్లు, రెండు వందల ఇరవై ఐదు.

"వెడల్పుదే సేఫ్ లా, అమ్మమ్మా. గ్రిప్ ఎక్కువ," అంది, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

"రెండూ మంచుకాలపు రబ్బరేనా?"

"రెండూ వింటర్ టైర్లే."

"మంచు ఎంత లోతుంటుంది?"

"అది అడగలేదు."

అడిగి రమ్మన్నాను. రోడ్డు రోజూ శుభ్రం చేస్తారని, పొద్దున్నే నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుందని మర్నాడు ఫోన్ చేసింది. కింద తారు అందుతుంది కనుక సన్నవే తీసుకోమన్నాను. తీసుకుంది.

ఇప్పటికీ తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఐసు పళ్ళెం ముందు పెడితే, చెంచా ఎత్తే ముందు పక్కకు వంగి, ఎంత లోతుందో చూసుకుంటాను.